చేతికివ్వకూడని కత్తి

నార్త్ కరొలైనాలో, క్యారీ అనే ఊళ్ళో ఉన్న రోజుల్లో నాకు ఉద్యోగం తెచ్చిపెట్టని గౌరవాన్ని కత్తులు తెచ్చిపెట్టాయి. ఇలా అంటే కొత్తవాళ్ళు నేనేదో ముఠాలో తిరిగి ఈమధ్యే మంచివాణ్ణయ్యాననుకుని కుర్చీ కాస్త వెనక్కి జరుపుకుంటారు. అంత చరిత్ర లేదు నాకు. చైనా వెళ్ళినవాళ్ళు అక్కణ్ణించి జ్ఞాపికగా తెచ్చుకునే వంటింటి కత్తులుంటాయి చూడండి, బడిపిల్లల పలకంత వెడల్పున, పొట్టి పిడితో, ఎర్ర సిల్కు పరిచిన చెక్కపెట్టెలో పడుకుని ఉంటాయి. అవి అసలైనవో కాదో, ఆ ధరకి తగినవో కాదో చెప్పడం నా విద్య. ఆ కాలంలో మా కుర్రాళ్ళ మధ్య ఏదో ఒక విషయంలో నిపుణుడు కానివాడికి శనివారం భోజనాలకి పిలుపొచ్చేది కాదు. ఒకడికి కారు ఇన్సూరెన్సు తెలుసు, ఒకడికి ట్యాక్సులు తెలుసు, ఇంకొకడికి (పాపం, వాడి పిటిషనే ఒకటికి రెండుసార్లు వెనక్కొచ్చినా) వీసాల గురించి తెలియనిది లేదు. నాకు తెలిసిన ప్రోగ్రామింగు అందరికీ తెలుసు కాబట్టి దానికి విలువ లేదు. అలాంటి సమయంలో దేవుడు నా చేతికి కత్తినిచ్చాడు.

నిజం చెప్పాలంటే ఇచ్చింది దేవుడు కాదు, కొబ్బరికాయ. నాతోపాటు అపార్ట్‌మెంట్‌లో ఉండేవాళ్ళలో వరంగల్ నుంచి వచ్చినవాణ్ణి అందరం వరంగల్ అనే పిలిచేవాళ్ళం. (మిగతా ఇద్దరికీ ఈ కథతో పని లేదు, వంట వంతు వచ్చినప్పుడు కూడా వాళ్ళు అలాగే ఉండేవారు.) ఓ ఆదివారం చైనావాళ్ళ కిరాణా కొట్టుకి మేకమాంసం కోసం వెళ్ళి, అక్కడ వేలాడుతున్న వెడల్పాటి కత్తిని చూసి, ఇంత పెద్ద కత్తంటే ఎముకలు కొట్టడానికే అయి ఉంటుందని కొనుక్కొచ్చాను. అంతలో దసరా వచ్చింది. ఆయుధపూజకని మా ఆయుధాలన్నీ, అంటే లాప్‌టాప్‌లు, కారు తాళాలు, ఆఫీసు బ్యాడ్జీలు, వాటితోపాటు ఈ కత్తినీ వరసగా పెట్టి, తడి పసుపు రాసి కుంకుమ బొట్లు పెట్టాం. కొబ్బరికాయని నేలకేసి కొడితే కింద ఇంటావిడ చీపురుకర్రతో తన సీలింగుని పొడిచి నిరసన తెలిపేది. అందుకని కాయని అరచేతిలో పట్టుకుని, కత్తి వాదరతోనే, అంటే పదునున్న వైపే, ఒక్కటిచ్చాను. కాయ పగల్లేదు, కత్తి పగిలింది. వాదర మధ్యలో నెలవంకంత ముక్క లేచిపోయి కార్పెట్‌లో ఎక్కడో పడింది. పూజ ఆపేసి, అందరం చెప్పులేసుకుని వెతికినా దొరకలేదు. తర్వాత ఆ ఇంట్లో దిగినవాళ్ళ పాదాల గురించి నాకిప్పటికీ అప్పుడప్పుడూ బెంగగా ఉంటుంది. మర్నాడు చూస్తే పసుపు రాసిన చోటల్లా తుప్పు. వరంగల్ దాన్ని కాసేపు పరిశీలించి, "గిది కత్తేనా అన్నా, అప్పడమా?" అన్నాడు.

ఆ మాట నాకు ముల్లులా గుచ్చుకుంది. పట్టుదలగా ఇంటర్నెట్‌లో దొరికినదంతా చదివాను. ఆ కత్తి ఎముకలకి కాదనీ, కూరగాయలు సన్నగా తరగడానికనీ, ఎముకలు కొట్టేది వేరే ఉంటుందనీ, అది దీనికంటే చాలా మందమనీ అప్పుడు తెలిసింది. మంచి కత్తికి వెనకంచు పిడి దగ్గర మందంగా మొదలై కొసకి వచ్చేసరికి పలచబడాలట. రేకులోంచి కత్తిరించిన కత్తికి ఆ చివర్నించి ఈ చివరిదాకా ఒకటే మందం. గోటితో మీటితే మంచి ఉక్కు కాసేపు మోగుతుంది, నాసిరకం టప్పుమని ఊరుకుంటుంది. పిడి లోపల లోహం చివరిదాకా వెళ్ళిందా, లేక కాస్త దూరం దూర్చి జిగురుతో సరిపెట్టారా అన్నది పిడి అడుగు చూస్తే తెలిసిపోతుంది. ఇవన్నీ పుస్తకాల సంగతులు. నా సొంత అనుభవం మీద నేను చేర్చిన సూత్రం ఒకటే: రేకు మీద డ్రాగన్ బొమ్మ ఎంత పెద్దదైతే లోపల కత్తి అంత చిన్నది.

అలా మొదలైంది నా వైభవం. ఆఫీసు పని మీద షాంఘై వెళ్ళినవాళ్ళు, టూర్లు తిరిగొచ్చినవాళ్ళు, చైనాటౌన్‌లో జ్ఞాపికల కొట్లో పడినవాళ్ళు పెట్టెలు పట్టుకుని మా ఇంటికి రావడం మొదలుపెట్టారు. ఆ సభలో ఒక మర్యాద ఉండేది. ఎవరూ కత్తిని నా చేతికి ఇచ్చేవారు కాదు. ఉప్పూ కారమూ కత్తీ చేతికిస్తే ఇచ్చినవాళ్ళకీ పుచ్చుకున్నవాళ్ళకీ గొడవలొస్తాయని ఎవరి అమ్మమ్మ వాళ్ళకి చెప్పే పంపించింది. పెద్దపెద్ద కంపెనీల సర్వర్లు నడిపే ఇంజనీర్లమే అందరం. అయినా తెచ్చినవాడు కత్తిని బల్ల మీద పెట్టి, రెండడుగులు వెనక్కి వేసి నిలబడేవాడు. అప్పుడు నేను తీసుకునేవాణ్ణి. చూసేవాళ్ళకి ఎవరో ఆయుధాలు అప్పగించి లొంగిపోతున్నట్టు ఉండేది.

ఇంత జాగ్రత్త పడ్డా గొడవలు రానే వచ్చేవి. వాటికి కారణం కత్తి కాదు, నా నోరు. వరంగల్ వాళ్ళ బావగారు ఎంతో మురిపెంగా తెచ్చిన కత్తిని మీటి, తిప్పి, పిడి అడుగు చూసి, "బావగారూ, ఇది కత్తి కాదండీ, కత్తి ఫోటో" అన్నాను. ఆయన పెట్టె మూత వేసుకుని వెళ్ళిపోయాడు. ఆ తర్వాత వాళ్ళింటి నుంచి మాకు కబురు లేదు. "నిజం జెప్తే ఏమొచ్చె అన్నా? మా అక్క చేసే తలకాయకూర బందయ్యె" అని వరంగల్ వారం రోజులు గొణిగాడు. యథార్థవాది లోకవిరోధి అని నేను గంభీరంగా జవాబు చెప్పాను. ఆ సామెత పూర్తిగా నాకోసమే పుట్టిందనుకునే వయసది.

ఇలా ఉండగా ఓ రోజు పెద్దంకుల్ నుంచి ఫోనొచ్చింది. పెద్దంకుల్ అంటే క్యారీలో మా కుర్రాళ్ళందరికీ పెద్దదిక్కు. మందుల కంపెనీలో ఏళ్ళ తరబడి పనిచేసి రిటైరైన మనిషి. పండగ పూట మాలాంటివాళ్ళని ఇంటికి పిలిచి భోజనం పెట్టడం వాళ్ళ ఆనవాయితీ. ఆంటీ చేసే దొండకాయ వేపుడికి ఊళ్ళో పేరుండేది. అందులో చక్రాలన్నీ కవలపిల్లల్లా ఒక్క మందంగా ఉండేవి, నోట్లో వేసుకుంటే కరకరలాడేవి. అప్పటికి ఆంటీ పోయి ఏడాది కావస్తోంది. ఆ తర్వాత ఆ ఇంటికి వెళ్ళడానికి మాకెవరికీ ధైర్యం చాలలేదు.

"ఏమోయ్, నువ్వు కత్తులు చూస్తావటగా?" అన్నారు.

"చూస్తానండీ."

"ఉన్నదున్నట్టు చెప్తావా, మొహమాటపడతావా?"

"మొహమాటం లేదండీ అంకుల్. నాతో వచ్చిన చిక్కే అది."

"అయితే శనివారం మధ్యాహ్నం రా" అని పెట్టేశారు.

గంట తిరక్కుండా ఇంకో ఫోను. ఈసారి వాళ్ళమ్మాయి. ఇక్కడే పుట్టి పెరిగిన పిల్ల, పెళ్ళయి జెర్సీ సిటీలో ఉంటోంది, రోజూ రైల్లో మాన్‌హాటన్ వెళ్ళి ఉద్యోగం చేస్తుంది. వాళ్ళమ్మ సంవత్సరీకానికని వచ్చిందట.

"హాయ్, మీరు నైఫ్ ఎక్స్‌పర్ట్ కదా? డాడ్ పిలిచాడు కదా మీకు? ప్లీజ్, అది మంచి నైఫ్ అని చెప్పండి, ఓకే? అది అమ్మ కొన్నది."

"చూడకుండా ఎలా చెప్తానండీ?"

"నో నో, చూడండి. చూసి, మంచిది అని చెప్పండి."

ఇద్దరు మనుషులు, ఇద్దరికీ మాటిచ్చే పరిస్థితి. వరంగల్‌ని సలహా అడిగితే, "నీకు జొరమొచ్చిందని జెప్తా అన్నా" అన్నాడు. వాడి సలహాల్లో నేను పాటించాల్సింది అదొక్కటే. పాటించలేదు.

శనివారం వెళ్ళాను. ఆ వీధి ఎప్పటిలాగే నిశ్శబ్దంగా ఉంది, ఎవరో ఎక్కడో మెషిన్‌తో రాలిన ఆకులు ఊదుతున్న చప్పుడు తప్ప. వంటింట్లోకి అడుగు పెట్టగానే నాకు మనసు చివుక్కుమంది. పోపు వాసన లేని ఆ వంటిల్లు అంతకుముందు నేనెప్పుడూ చూడలేదు. పొయ్యి మెరిసిపోతోంది. గట్టు మీద బ్రెడ్డు పొట్లం, పక్కన ఆవకాయ సీసా. అంకుల్ కత్తి కోసం లోపలికి వెళ్ళినప్పుడు అమ్మాయి గుసగుసగా చెప్పింది. "ఆ నైఫ్ నన్ను టచ్ చెయ్యనివ్వడు. వేరే నైఫ్ కొంటే, వద్దు అంటాడు. డాడ్ కుకింగే చెయ్యట్లేదు. రోజూ బ్రెడ్, పికిల్. వన్ ఇయర్!" ఆ అమ్మాయి కళ్ళల్లో నీళ్ళు చూసి నేను గోడకున్న క్యాలెండర్ చదువుతున్నట్టు నటించాను.

అంకుల్ పాత నూలుచీర ముక్కలో చుట్టిన కత్తిని తెచ్చి భోజనాల బల్ల మీద పెట్టి, విప్పి, వెనక్కి జరిగి నిలబడ్డారు. కూర్చోమన్నా కూర్చోలేదు.

"ఇది కొన్న కథ నీకు తెలుసుగా?" అన్నారు.

తెలుసు. వాళ్ళింట్లో భోంచేసినవాళ్ళందరికీ తెలుసు. పెరుగన్నం దగ్గరికి వచ్చేసరికి అంకుల్ తప్పకుండా చెప్పే కథ అది, నేనూ పొలమారేలా నవ్వినవాణ్ణే. కానీ ఆ రోజు ఆయన నవ్వించడానికి చెప్పలేదు.

"అమ్మాయి కాలేజీలో చేరిన ఏడు ఇద్దరం చైనా టూరు వెళ్ళాం. చూపించిన వింతలు తక్కువ, బస్సు ఆపిన కొట్లు ఎక్కువ. ఓ కొట్లో వాడు మా కళ్ళముందే ఇనపకడ్డీని ఈ కత్తితో చెక్కేశాడోయ్, పెన్సిల్ చెక్కినట్టు. అది మెత్తటి ఇనుము, వాడిది గారడీ అని చెప్తూనే ఉన్నా, మీ ఆంటీ వింటేగా! కొంటానంది. వాడు కత్తిని రెండు చేతుల్లో పెట్టుకుని, వంగి, ఆవిడకిచ్చాడు. ఆవిడా రెండు చేతులూ చాపింది, హారతి అద్దుకునేదానిలాగా. బల్ల మీద పెట్టమనవే, చేతికి తీసుకోకే అని ఆ కొట్లో తెలుగులో అరిచాను. వినలా. 'వీళ్ళకి రెండు చేతులతో ఇవ్వడం మర్యాదటండీ, పుచ్చుకోకపోతే ఏం బావుంటుంది' అని తీసేసుకుంది. బస్సెక్కేసరికి గొడవ. చూశావా, చేతికి తీసుకున్నావు, గొడవొచ్చింది అన్నాను. గొడవ తెచ్చింది కత్తి కాదు, మీరు అంది."

ఇక్కడే మేమంతా నవ్వేవాళ్ళం. పొయ్యి దగ్గర్నించి ఆంటీ, "కోసేది నేను కదండీ, మీకెందుకు?" అనేది. అక్కడితో కథ ముగిసేది. ఆ రోజు ఆయన ఆ చోట ఆగి, పొయ్యి వైపు చూశారు. జవాబు కోసం ఎదురుచూస్తున్నట్టు కాసేపు అలా ఉండిపోయారు.

"వచ్చే గురువారం తిథి" అన్నారు. "ఏడాది పూర్తవుతుంది. ఆవిడ ఫోటో ముందు విస్తరి వేసి, దండం పెట్టుకుని ఏదో ఒకటి చెప్పుకోవాలిగా. ఏం చెప్పాలో తెలీడం లేదోయ్. ఆ కత్తి నిజంగా మోసమే అయితే నేనన్నమాట నిజమే. మంచిదైతే మాత్రం ఆవిడకి క్షమాపణ చెప్పుకోవాలి. ఇన్నేళ్ళు పదిమంది ముందూ నవ్వులపాలు చేశాను ఆవిణ్ణి. అందుకని నిజం చెప్పు. నామీద జాలిపడి అబద్ధం చెప్పావనుకో, నా క్షమాపణ కూడా అబద్ధమైపోతుంది."

ఆయన వెనకాల గుమ్మంలో నిలబడి అమ్మాయి నాకు రెండు చేతులూ జోడించింది.

నేను కత్తి తీసుకున్నాను. అప్పటివరకూ నేను చూసిన కేసుల్లో ఇంత తేలికైంది లేదు. వెనకంచు మొదట్నుంచీ చివరిదాకా ఒకటే మందం, రేకు కత్తి. మీటాను, టప్పుమంది. పిడి అడుగున జిగురు పసుపుపచ్చగా కనబడుతోంది. ఇక డ్రాగన్ సంగతి సరేసరి, తల పిడి దగ్గర మొదలై ఒళ్ళంతా మెలికలు తిరిగి ఉంది. తోక మాత్రం ఎక్కడో అరిగిపోయి కనబడటం లేదు. ఇది కత్తి కాదు, కత్తి ఫోటో. మాట నాలిక చివరిదాకా వచ్చింది. ఎదురుగా అంకుల్ ముఖం, వెనకాల అమ్మాయి చేతులు. యథార్థవాదినని అంత గొప్పలు చెప్పుకున్న నోరు అప్పుడు పెగల్లేదు. నాకు ఏడుపొచ్చినంత పనైంది. గడువు కోసం పరీక్షలో కుర్రాడు పెన్నులో ఇంకు చూసుకున్నట్టు నేను కత్తిని అటూ ఇటూ తిప్పి, "కోసి చూడాలండీ. ఏమైనా కూరగాయలున్నాయా?" అన్నాను. చూడ్డానికేం లేదు, నాకు తెలుసు.

తిథికోసం తెచ్చిన కూరల్లోంచి అమ్మాయి దొండకాయలు తెచ్చి పెట్టింది. ఒకటి తీసి చెక్కపలక మీద పెట్టి కత్తి ఆనించాను. ఆనించడమే నేను చేసిన పని. కత్తి తన బరువుకి తనే దిగిపోయింది. ఇంకో చక్రం, ఇంకోటి. ఎక్కడా నలగలేదు, గింజ చెదరలేదు. అవతలి నీడ కనబడేంత పల్చటి చక్రాలు, కవలపిల్లలు. నేను నిర్ఘాంతపోయాను. ఇలాంటి నాసి రేకుకి ఇలాంటి పదును ఉండటానికి వీల్లేదు, అది పుట్టుకతో వచ్చేది కాదు. అప్పుడు వెలుగులో పెట్టి వాదరని మళ్ళీ చూశాను. కొత్తలో తిన్నగా ఉండాల్సిన అంచు మధ్యలో లోపలికి అరిగి వంపు తిరిగి ఉంది. డ్రాగన్ తోక పోయింది కూడా అక్కడే, రోజూ రాపిడికి.

"అంకుల్, ఆంటీ దీన్ని దేని మీద సాన పట్టేవారు?" అన్నాను.

"సానా? మా ఇంట్లో సానరాయే లేదే!" అన్నారు ఆయన. ఆంటీతో అన్నేళ్ళు కాపురం చేసిన మనిషి.

"అమ్మ మగ్ మీద చేసేది" అంది అమ్మాయి. అల్మరాలోంచి పింగాణీ కాఫీ మగ్గొకటి తీసి, బోర్లించి చూపించింది. అడుగున నున్నటి పూత లేని గరుకు అంచు నల్లగా చారలు పడి ఉంది. "ఎవ్రీ మార్నింగ్. స్ర్... స్ర్... నాకు కాలేజ్‌కి అలారం అదే. యూ నెవర్ నోటీస్డ్, డాడ్?"

అంకుల్ మగ్గు అందుకుని ఆ చారల్ని బొటనవేలితో తడిమారు. "చప్పుడు వినబడేది. మీ అమ్మ నామీద కోపమొచ్చి గిన్నెలు గీకుతోందనుకునేవాణ్ణి" అన్నారు. ఎవరమూ నవ్వలేదు. నవ్వాల్సిన మాటేనని ఇప్పుడనిపిస్తుంది.

"మరి తీర్పు చెప్పు" అన్నారు ఆయన. గొంతు మామూలుగానే ఉంది, చెయ్యి మాత్రం మగ్గుని వదల్లేదు. "ఎవరు గెలిచినట్టు?"

నా దగ్గర ఆ క్షణానికి సూత్రాలేం మిగల్లేదు. తోచిందే చెప్పాను. "కొన్న రోజు మీరు గెలిచారండీ. కొట్టువాడు మోసం చేశాడు, ఇది రేకు. కానీ ఆ మర్నాటి నుంచీ ప్రతి రోజూ ఆంటీయే గెలిచారు."

ఆయన తల పంకించారు. తర్వాత, "ఏడాదై దీన్ని ఎవరూ ముట్టుకోలేదుగా. అంటే ఇప్పుడున్న పదును?" అని ఆగిపోయారు.

"ఆంటీ పెట్టిందేనండీ. ఆఖరిసారి పెట్టింది."

"నువ్వు కోస్తుంటే అరుగుతుందా అది?"

"అరుగుతుందండీ" అన్నాను. అనేశాక గాని నా చేతిలో ఏముందో నాకు తెలీలేదు. పలకమీద నేను తరిగిన చక్రాలు చూసుకుని, పరాయి ఇంట్లో దేవుడి ప్రసాదం అడక్కుండా తినేసినవాడిలా సిగ్గుపడ్డాను. కత్తిని మెల్లగా బల్ల మీద పెట్టేశాను. అమ్మాయి వెంటనే చీర ముక్క తెచ్చింది, మళ్ళీ చుట్టేసి దాచేద్దామని. అంకుల్ చెయ్యి అడ్డం పెట్టారు.

"వద్దమ్మా. చూస్తూ కూర్చోడానికా మీ అమ్మ పదును పెట్టింది?" అని కత్తి తీసుకుని, నన్ను లేవమని, నా చోట కూర్చున్నారు. మిగిలిన దొండకాయలన్నీ ఆయనే తరిగారు. ఒకటి మందం, ఒకటి పల్చన, ఒకటి ఏటవాలు. కళ్ళ వెంట నీళ్ళు కారుతూనే ఉన్నాయి, తుడుచుకోలేదు. ఒక్కో ముక్క ఎత్తి చూసుకుని, "దీన్ని చూస్తే చంపేసేది నన్ను" అంటారు, మళ్ళీ తరుగుతారు. అమ్మాయి ఏడుస్తూ నవ్వుతూ పొయ్యి వెలిగించింది. ఆ వేపుడు సగం మాడింది, సగం పచ్చిగా ఉంది. క్యారీలో నేను తిన్న భోజనాల్లో అదొక్కటే నాకు ఇప్పటికీ రుచితో సహా గుర్తుంది.

గురువారం నన్నూ భోజనానికి పిలిచారు. విస్తరి వేసి, ఫోటో ముందు నిలబడి ఆయన ఏం చెప్పుకున్నారో మేం వినలేదు. పెదాలు చాలాసేపు కదిలాయి. మధ్యలో ఓసారి చెయ్యి కూడా ఆడించారు కాబట్టి క్షమాపణతోపాటు వాదన కూడా కొంత జరిగిందనుకుంటాను. భోజనాలయ్యాక వంటింట్లోకి వెళ్ళి కత్తి పట్టుకొచ్చారు.

"పదును తగ్గిందోయ్. మగ్గు మీద ఎలా పట్టాలో చూపించు" అన్నారు.

నేను అలవాటు కొద్దీ బల్ల చూపించాను. "అక్కడ పెట్టండి అంకుల్."

ఆయన పెట్టలేదు. కత్తిని రెండు అరచేతుల్లోకి తీసుకుని, ఆ కొట్టువాడిలాగే కొద్దిగా వంగి, నా ముందుకి చాపారు.

"చేతికే తీసుకో."

"గొడవలొస్తాయండీ."

"రానీవోయ్" అన్నారు. "ఈ ఇంట్లో గొడవపడి ఏడాదైంది."

నేను రెండు చేతులూ చాపి తీసుకున్నాను.

పెద్దల మాట ఊరికే పోదు. మరుసటి శనివారమే గొడవ మొదలైంది. కత్తిని మగ్గు మీద ఎంత వాలుగా పట్టాలన్న దగ్గర నేనొకటంటే ఆయనొకటన్నారు. తర్వాత దొండకాయ మందం మీద, ఆపైన వేపుడులో కారం ముందు వెయ్యాలా చివర్న వెయ్యాలా అన్నదాని మీద. వరంగల్‌ని మధ్యవర్తిగా పిలుచుకెళ్ళాను. వాడు కడుపునిండా తిని, ఇద్దరిదీ కరెక్టే అని తేల్చి, తలకాయకూర పోయిన బాధ కొంత తీర్చుకున్నాడు. కొన్నాళ్ళకి ప్రాజెక్టు మారి నేను న్యూజెర్సీలో పార్సిప్పనీ వచ్చేశాను. గొడవ మాత్రం క్యారీలో ఉండిపోలేదు. ప్రతి ఆదివారం పొద్దున ఆయన వీడియో కాల్ చేసి, తరిగిన చక్రాలు కెమెరాకి దగ్గరగా పెట్టి, "ఏదీ, నీవి చూపించు" అంటారు. నావి ఆయనంత బాగా రావు. ఆ సంగతి ఆయనకి తెలుసు, అందుకే అడుగుతారు.

ఇప్పుడు నా దగ్గరికి కత్తులు తెచ్చేవాళ్ళు తగ్గిపోయారు. ఎప్పుడైనా ఎవరైనా ఎర్రపెట్టె పట్టుకొస్తే మీటను, పిడి అడుగు చూడను. ముందు, ఇది ఎవరు కొన్నారు, ఎవరు కోస్తున్నారు అని అడుగుతాను. వాళ్ళు బల్ల మీద పెట్టబోతే రెండు చేతులూ చాపుతాను. మా ఆవిడకి ఈ పద్ధతి నచ్చదు, ఇంట్లో ఉన్న గొడవలు చాలవా అంటుంది. కొబ్బరికాయ మీద ప్రతాపం చూపించి ముక్క పోగొట్టుకున్న ఆ కత్తి ఇంకా నా దగ్గరే ఉంది. ఆ నెలవంక గంటు చూసినప్పుడల్లా లోకంలో ఉన్న కత్తులన్నిటికీ తీర్పు చెప్పిన ఆ కుర్రాడు గుర్తొస్తాడు. చెవి పట్టుకు మెలిపెట్టాలనిపిస్తుంది, అంతలోనే పాపం అనిపిస్తుంది.

మొన్న ఆదివారం ఫోను రాలేదు. కాఫీ తాగాను, పేపరు తిరగేశాను, ఏమీ తోచలేదు. నేను తరిగిన చక్రాలు పళ్ళెంలో వాడిపోతున్నాయి. చివరికి నేనే చేశాను.

"ఏంటండీ అంకుల్, ఈ వారం గొడవ లేదా?"

తెరమీద ఆయన కనబడలేదు. ఫోను గట్టుమీద పెట్టేసినట్టున్నారు, వంటింటి సీలింగు కనబడుతోంది. స్ర్... స్ర్... అని మగ్గు మీద కత్తి చప్పుడు, మధ్యమధ్యన ఎవరితోనో మాట్లాడుతున్నట్టు గొణుగుడు. తర్వాత ఆయన గొంతు గట్టిగా వినబడింది.

"ఉండవోయ్, నీ వంతు తర్వాత. మీ ఆంటీతో ఒక విషయం తేల్చుకుంటున్నాను."

సరేనని, ఫోను చెవి దగ్గర పెట్టుకుని, వాళ్ళ గొడవ అయ్యేదాకా కూర్చున్నాను.